గోదావరి మీద ఉప్పు: వరంగల్, ఉత్తర తెలంగాణ ఉప్పు వ్యాపారం, దొంగ రవాణా – తరచుగా అడిగే ప్రశ్నలు

గోదావరిలో ఉప్పు పండదు కదా, మరి "నది ఉప్పు" అంటే ఏమిటి?

నది మీద వచ్చిన సముద్రపు ఉప్పు. కాకినాడ, బందరు, చినగంజాం వైపు మడుల్లో పండిన దొడ్డుప్పును రాజమండ్రి దాకా చేర్చి, అక్కడ పడవలకెక్కించి పోలవరం, కూనవరం, భద్రాచలం, దుమ్ముగూడెం మీదుగా ఎగువకు తెచ్చేవారు. ఆపైన మంగపేట, ఏటూరునాగారం, ఇంకా పైకి పోతే కాళేశ్వరం, సిరొంచ రేవులు. తిరుగు ప్రయాణంలో పత్తి, చింతపండు, అడవి సరుకు దిగేవి. టేకు దుంగలు మాత్రం పడవ అక్కరలేకుండా తెప్పలుగా కట్టుకుని తేలుతూ పోయేవి.

వరంగల్ తిన్న ఉప్పంతా నది మీదే వచ్చిందా?

లేదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. వరంగల్, హనుమకొండ అంగళ్లకు ఉప్పు ప్రధానంగా ఎద్దుల మీదే వచ్చింది. బందరు నుంచి బెజవాడ, ఖమ్మం మెట్టు మీదుగా నేల దారి ఉండేది. నది దారి మీద ఆధారపడ్డవి గోదావరి ఒడ్డు పల్లెలు, వాటి వెనకున్న అడవి సీమ, ఇంకా పైన చాందా (నేటి చంద్రపూర్) వైపు ఊళ్లు.

ఎవరు మోసేవారు? ఎంత మోసేవారు?

ముందు చెప్పాల్సింది లంబాడీల గురించి. తండా నాయకుని వెంట వందల, ఒక్కోసారి వేల ఎద్దులు కదిలేవి. 17వ శతాబ్దంలో మన దేశం తిరిగిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే ఈ బిడారుల్లో నాలుగు తెగలను చూసి, ఒక్కో తెగ ఒక్కో సరుకు మోస్తుందనీ, వాటిలో ఒకటి ఉప్పుకే కట్టుబడి ఉందనీ రాశాడు. పెరిక కులం వారిదీ ఇదే వృత్తి. ఎద్దు మీద అటూ ఇటూ వేలాడే గోనె సంచిని పెరికె అంటారు, వారి పేరు దాని నుంచే వచ్చింది. ఆ జోడు సంచినే కొన్నిచోట్ల కంట్లం అన్నారు.

ఒక ఎద్దు మీద సుమారు 3 మణుగులు వేసేవారని లెక్కపెట్టుకుందాం. మద్రాసు ప్రభుత్వ లెక్కల్లో మణుగు అంటే 37.3 కిలోలు, అంటే ఎద్దుకు 112 కిలోలు. 120 మణుగులు ఒక గరిసె. వెయ్యి ఎద్దుల తండా ఒక్కసారి 3,000 మణుగులు, అంటే 25 గరిసెలు దించగలదు. మంద మేస్తూ నడవాలి కనుక రోజుకు నాలుగైదు కోసులు (కోసు సుమారు రెండు మైళ్లు) దాటదు. సంచులు రెండువైపులా సరితూగకపోతే సాయంత్రానికి ఎద్దు వీపు ఒరుసుకుపోతుంది, మర్నాడు అది మోయదు. అందుకే బయలుదేరేటప్పుడు తూకం కన్నా సరితూకం ముఖ్యం.

పడవ చవక, ఎద్దు ఖరీదు. అయినా ఎద్దులే ఎందుకు గెలిచాయి?

కాగితం మీద పడవే గెలుస్తుంది. 20 టన్నులు పట్టే నావ ఒక్కటి దాదాపు 180 ఎద్దుల పని చేస్తుంది. కానీ ఉప్పుకూ గోదావరికీ కాలం కుదరదు. తీరంలో ఉప్పు పండేది జనవరి నుంచి వానలు పడేదాకా, ఎండల్లో. ఆ రోజుల్లో భద్రాచలం ఎగువన గోదావరి ఇసుక తిన్నెల మధ్య పాయలుగా పారుతుంది, బరువు పడవ నేలకు తగులుతుంది. పడవ నడిచేంత నీళ్లు జులై నుంచి నవంబరు దాకే ఉంటాయి. అంటే ఎండలో పండిన సరుకును వానలో మోయాలి.

వానలో ఉప్పుకు ఏమవుతుందో చూడండి. శుద్ధమైన ఉప్పు, గాలిలో తేమ నూటికి 75 దాటితే నీరు పీల్చి కరగడం మొదలుపెడుతుంది. కొత్త ఉప్పులో మెగ్నీషియం లవణం మిగిలి ఉంటుంది. దానికి ఆ ఓపిక కూడా లేదు, 33 దాటితే చాలు చెమ్మగిల్లుతుంది. ఇంట్లో వానాకాలం ఉప్పు జాడీ అడుగున చేరే చేదు నీళ్లు అవే. గోతాల్లో కట్టి పడవ అడుగున పేర్చిన ఉప్పు నుంచి అదే నీరు కారుతూ, కింది వరస గోతాలను నానబెట్టి, నార పట్టు వదిలేలా చేస్తుంది. పైకెత్తితే అడుగు ఊడుతుంది.

తెలిసినవారు చేసే జాగ్రత్తలు ఇవి. కొత్త ఉప్పు ఎక్కించకూడదు. గుట్టగా పోసి ఒక వానాకాలం గడిచిన పాత ఉప్పు మేలు, ఎందుకంటే మెగ్నీషియం చాలావరకు వాన నీటితో జారిపోయి ఉంటుంది. పడవ అడుగున వెదురు తడికె, దాని మీద మందంగా వరిగడ్డి వేయాలి. గోతాలు పడవ గోడకు ఆనకూడదు. పైన తాటాకు కప్పు ఉండాలి, అయినా మధ్యాహ్నం ఎండ కాసినప్పుడు తీసి గాలి ఆడనివ్వాలి. ఇవన్నీ చేసినా తరుగు తప్పదు, తగ్గుతుందంతే.

ఇక ప్రవాహం. పాపికొండల మధ్య నది ఇరుకుగా, లోతుగా, వడిగా పోతుంది. వరదలో ఎదురెక్కాలంటే తెరచాప చాలదు. ఒడ్డున మనుషులు తాడు భుజానికేసుకుని లాగాలి, పడవలో గడలు వేయాలి, సరంగు చుక్కాని వదలకూడదు. కొండ నిట్టనిలువుగా నీళ్లలో దిగే చోట లాగేవారికి కాలిబాటే ఉండదు. అక్కడ గాలి కోసం రోజుల తరబడి ఆగాల్సి వచ్చేది.

ఎద్దుల బాధలు వేరే ఉన్నా, వాటి కాలం ఉప్పు కాలంతో కలిసింది. వానలు వెనక్కి తగ్గాక దారులు ఆరతాయి, గడ్డి ఉంటుంది, వాగులు దాటొచ్చు. ఎండలు ముదిరేలోగా ఒక దఫా పోయి రావచ్చు. చవకైన దారి ఓడి ఖరీదైన దారి నిలవడానికి మా దృష్టిలో ఇదే మొదటి కారణం. పన్నులు, కాపలాలు ఆ తర్వాతివి.

దుమ్ముగూడెం ఆనకట్టకూ ఉప్పుకూ సంబంధం ఏమిటి?

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక, ఆర్థర్ కాటన్ ఆలోచన ఎగువ గోదావరి మీదికి మళ్లింది. సముద్రం నుంచి వార్ధా పత్తి నేలల దాకా పడవ దారి వేయాలి, పైకి ఉప్పు, కిందికి పత్తి. దారిలో మూడు చోట్ల రాతి అడ్డంకులున్నాయి: మొదటిది దుమ్ముగూడెం, రెండోది ఇంచంపల్లి, మూడోది ప్రాణహిత మీద దేవలమర్రి. హేగ్ అనే ఇంజనీరు పర్యవేక్షణలో పనులు సాగాయి. దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, పక్క కాలువ, లాకులు (పడవను ఒక నీటి మట్టం నుంచి మరో మట్టానికి చేర్చే తలుపుల కట్టడాలు) కట్టారు.

లాకు లేని చోట జరిగేది ఇది: అడ్డంకి కింద సరుకంతా దింపాలి, బండ్ల మీద రాళ్ల పైకి మోయాలి, పైనున్న మరో పడవకు ఎక్కించాలి. పత్తి బేలు దీన్ని తట్టుకుంటుంది. ఉప్పు తట్టుకోదు, దింపిన ప్రతిసారీ కొంత రాలుతుంది, కొంత తడుస్తుంది, కొంత పోతుంది. మూడు అడ్డంకులంటే మూడు దింపుళ్లు, మూడు ఎక్కింపులు. లాకుల మీద అంత ఖర్చు పెట్టడానికి కారణం అదే. ఇంతలో 1867లో బొంబాయి రైలు నాగపూర్ చేరింది. పత్తి పడమటికి మళ్లింది. 1871లో పథకాన్ని ఆపేశారు.

ఉప్పు మీద పన్ను ఎంత ఉండేది?

మద్రాసు ప్రెసిడెన్సీలో 1805లో ఈస్టిండియా కంపెనీ ఉప్పును తన గుత్తకు (తానొక్కటే అమ్మే హక్కుకు) తీసుకుంది. గరిసె ధర 70 రూపాయలు పెట్టింది, 1809లో 105 చేసింది. 1844లో లోపలి దారి సుంకాలు ఎత్తేసి, ఆ లోటు ఉప్పు మీద వేసి, గరిసెకు 180కి పెంచి, అదే ఏడు 120కి దించింది. అంటే మణుగు ఒక రూపాయి.

తర్వాత పెరుగుతూ పోయి 1878లో పన్నే మణుగుకు రెండున్నర రూపాయలైంది. 1882లో రెండు, 1888లో మళ్లీ రెండున్నర, 1903లో రెండు, 1905లో రూపాయిన్నర, 1907లో ఒకటి. 1916లో రూపాయి పావలా, 1923లో ఒక్క ఏడాది రెండున్నర, 1924లో తిరిగి రూపాయి పావలా. 1947లో రద్దు.

ఐదుగురున్న ఇంటికి ఏడాదికి ముప్పావు మణుగు, అంటే 28 కిలోలు పడుతుందనుకోండి. రెండున్నర లెక్కన ఒక్క పన్నే రూపాయి పద్నాలుగు అణాలు. నెలకు నాలుగైదు రూపాయలు కూడా చూడని కూలి ఇంట్లో అది చిన్న మాట కాదు. గొడ్డూ గోదా ఉంటే వాటికీ ఉప్పు కావాలి.

మనది నిజాం రాజ్యం. బ్రిటిష్ పన్ను మనమెందుకు కట్టాం?

సముద్రం మన చేతిలో లేదు కాబట్టి. ఉత్తర సర్కారులు 1766లో, గుంటూరు 1788లో కంపెనీ పరమయ్యాయి. ఆ తర్వాత నిజాంకు తూర్పు తీరం లేదు. పన్ను ఉప్పు మడి దగ్గరే, సరుకు గేటు దాటకముందే వసూలయ్యేది. అది ధరలో కలిసిపోయి వరంగల్ దాకా వచ్చేది. రశీదు చూపించి వాపసు అడిగే వీలు గిరాకీకి లేదు. దాని పైన నిజాం సరిహద్దులో కరోడ్‌గిరి (సుంకాల శాఖ) నాకా ఉండేది, దిగుమతి సరుకు విలువ మీద నూటికి 5 సుంకం. 1802 ఒప్పందంలో ఈ నూటికి 5 రేటే ఉంది.

అయితే దొంగ రవాణా ఎక్కడ జరిగేది? నది మధ్యలోనా?

దొంగ సరుకు ఎప్పుడూ పన్ను తేడా ఉన్న చోటే కదులుతుంది. ఆ తేడా ఎక్కడుందో చూస్తే దారి దొరుకుతుంది.

1860లో గోదావరి ఎడమ ఒడ్డు బ్రిటిష్ వారికి పోయింది. భద్రాచలం, సిరొంచ అటువైపు, ఏటూరునాగారం, మంగపేట ఇటువైపు. నదే సరిహద్దు. కానీ సముద్రపు ఉప్పు రెండు ఒడ్లకూ పన్ను కట్టే వచ్చింది కనుక, నది దాటించి ఎగ్గొట్టగలిగేది కరోడ్‌గిరి ఒక్కటే. మణుగు నాలుగు రూపాయలనుకుంటే అందులో నూటికి 5 అంటే మూడణాల పైచిలుకు. మడి దగ్గరే ఎగ్గొడితే రెండున్నర రూపాయలు మిగులుతుంది. కాబట్టి పెద్ద దొంగతనం తీరంలోనే.

అక్కడ మూడు రకాలు. ఒకటి, బురద నేలల్లో తనంతట పేరిన ఉప్పును రాత్రిపూట గీరుకుపోవడం. ఉప్పు శాఖ సిపాయిలు దాన్ని ముందుగానే తొక్కి మట్టిలో కలిపేవారు. రెండు, ముద్ర వేసిన గుట్ట నుంచి తీసి, తగ్గినదంతా వాన తరుగని రాయడం. తరుగు నిజంగానే ఉంటుంది కనుక అబద్ధం పట్టుకోవడం కష్టం. మూడు, చేపలు ఎండబెట్టే యార్డులకు పన్ను లేకుండా ఇచ్చే ఉప్పును పక్కకు మళ్లించడం.

మన వైపు తేడా ఉన్నది చౌడు ఉప్పులో, అంటే చౌడు నేల మట్టి నుంచి తీసే ఉప్పులో. అది ఇటు నుంచి అటు, అంటే నిజాం నేల నుంచి బ్రిటిష్ నేలకు పోయే సరుకు. పన్ను లేకుండా తయారైన చౌడు ఉప్పు సరిహద్దు దాటితే అక్కడ అది నేరం.

యానాం పేరు ఈ కథలో ఎందుకు వస్తుంది?

గౌతమి ఒడ్డున, బ్రిటిష్ జిల్లా మధ్యలో, ఫ్రెంచి వారి చిన్న తావు అది. అక్కడ ఉప్పు చవకగా పండి పడవెక్కితే కంపెనీ గుత్త ఏం కావాలి? అందుకే 1815 ఒప్పందంలో ఫ్రెంచి స్థావరాల ఉప్పును కొనే హక్కు తనకే దక్కేలా చేసుకుని, ఏటా 4 లక్షల సిక్కా రూపాయలు ఇవ్వడానికి ఇంగ్లీషు వారు ఒప్పుకున్నారు. 1818లో ఆ స్థావరాల్లో ఉప్పు తయారీనే ఆపించారు.

చౌడు ఉప్పు ఎలా తీసేవారు?

ఇది ఉప్పరుల పని. నేలను చదవడం, నీటిని నడపడం వారికి వెన్నతో పెట్టిన విద్య.

మాఘం దాటాక చౌడు నేల మీద తెల్లని పొర పూస్తుంది. మంచు ఆరకముందే, పొద్దున్నే, వేలు మందం మట్టి గీరి పోగు చేస్తారు. ఎండెక్కితే పొర పొడై గాలికి పోతుంది, లోతుగా గీరితే ఉత్త మట్టి వస్తుంది.

తర్వాత వడపోత తొట్టి. నాలుగైదు అడుగుల వెడల్పున, నడుమెత్తు మట్టి గద్దె కట్టి, పైన గుంట చేస్తారు. గుంట అడుగు ఒకవైపు వాలి ఉంటుంది, వాలు చివర వెదురు గొట్టం. లోపల మొదట పుల్లలు, వాటి మీద గడ్డి, ఆపైన గీరిన మట్టి. మట్టిని తొక్కకూడదు. తొక్కితే నీరు దిగదు, పైనే నిలిచి పక్కగా పగులుతుంది. మరీ వదులుగా పోసినా తప్పే, నీరు ఒకే సందున జారిపోయి మిగతా మట్టి కడగబడదు. అరచేత్తో సమం చేసి, పైన గడ్డి పరిచి, ఆ గడ్డి మీద నీళ్లు పోయాలి. అప్పుడే మట్టికి గుంట పడదు.

గొట్టం నుంచి మొదట వచ్చే నీరు తేనెరంగులో, చిక్కగా ఉంటుంది. కోడిగుడ్డు వేస్తే తేలాలి. మునిగితే ఆ నీటిని పారబోయరు, కొత్త మట్టి మీద మళ్లీ పోస్తారు. చిక్కటి నీటిని గచ్చు చేసిన లోతు తక్కువ మడుల్లో రెండు మూడు వేళ్ల లోతున నింపి ఎండకు వదులుతారు. కొన్నాళ్లకు పలుకు కడుతుంది.

చౌడు ఉప్పు చేదుగా ఎందుకుంటుంది?

మడిని పూర్తిగా ఎండనిస్తే చేదే. మామూలు ఉప్పు ముందు పలుకు కడుతుంది, మెగ్నీషియం వంటివి చివరి నీటిలో మిగులుతాయి. అందుకే కాస్త నీరు ఉండగానే ఉప్పును పక్కకు లాగి, ఆ మిగులు నీటిని పారబోయాలి. ఆశపడి ఎండబెడితే కడుపు జాడిస్తుంది.

కొన్ని మట్టుల్లో పెట్లుప్పు కూడా ఉంటుంది. దాని గుణం వేరు: వేడి నీటిలో బాగా కరిగి, చల్లబడగానే విడిపోతుంది. మామూలు ఉప్పుకు వేడికీ చలికీ పెద్ద తేడా లేదు. కాబట్టి రాత్రి చల్లదనానికి సూదుల్లా పేరిన పలుకులను పొద్దున్నే ఏరేయాలి. అవి మందుగుండుకు పనికొస్తాయి, కూరకు కాదు.

ఇంకో సంగతి: చాకిరేవులో వాడే చౌడు వేరు. అది సోడా చౌడు, చేతికి జిడ్డుగా జారుతుంది. దాని నుంచి ఉప్పు తీయబోతే శ్రమ దండగ.

పెద్ద ముళ్లకంచె వేసి ఉప్పు ఆపారంటారు. అది వరంగల్ దాకా వచ్చిందా?

రాలేదు. ఆ సుంకపు గీత సింధు నుంచి మహానది దాకా సుమారు 2,300 మైళ్లు, దాదాపు 12,000 మంది కాపలా. దానిలో చాలా భాగం ముళ్లకంచె. అది మనకు ఉత్తరాన నడిచింది, 1879లో తీసేశారు. మన సీమలో ఉన్నవి నాకాలు, రేవు కాపలాలు. కంచె కథను గోదావరికి అంటగట్టకండి.

అంగట్లో మోసం ఎలా జరిగేది?

పెద్ద వర్తకుడు తూకానికి కొని, చిల్లర వర్తకుడు కొలతకు అమ్మేవాడు. ఉన్న తేడా అంతా అక్కడే. 2 సోలలు ఒక తవ్వ, 2 తవ్వలు ఒక మానిక. బోలుగా, పెద్ద పలుకుగా ఉన్న ఉప్పు ఒక మణుగు తూచి తెస్తే ఎక్కువ మానికలు వస్తుంది. సన్నటి, గట్టి ఉప్పు అదే మణుగుకు తక్కువ మానికలు. అందుకని వర్తకులు తేలిక ఉప్పునే ఏరి కొనేవారు. గిరాకీకి కొలపాత్ర నిండుగానే కనబడుతుంది, కుండలో మాత్రం తొందరగా అయిపోతుంది.

ఇసుక కలిపితే తెలుసుకోవడం తేలిక. గుప్పెడు ఉప్పు చెంబు నీళ్లలో కలిపి కదలకుండా ఉంచితే ఇసుక అడుగున పేరుతుంది. చౌడు ఉప్పు కలిపితే అడుగున ఏమీ కనబడదు, నాలుక మీద చివర్న వచ్చే చేదే ఆనవాలు.

ఏజెన్సీ పల్లెల్లో డబ్బు లేకుండా ఉప్పు ఎలా కొనేవారు?

మార్పిడి. చింతపండు, ఇప్పపువ్వు, కుంకుడుకాయ, సారపప్పు ఇచ్చి ఉప్పు తీసుకునేవారు. కోయ, గోండు పల్లెలకు ఉప్పు ఒక్కటే తాము అడవిలో సంపాదించుకోలేని తిండి వస్తువు. అది వర్తకుడికి బాగా తెలుసు. వానలు మొదలై దారులు మూసుకుపోయే ముందు ఉప్పు అప్పుగా ఇచ్చి, పంట చేతికొచ్చాక తన కొలతతో తాను వసూలు చేసుకోవడం వల్ల ఎన్నో కుటుంబాలు అప్పులోంచి బయటపడలేదు. దొంగ రవాణా గురించి అడిగేవారు ఎక్కువ, దీని గురించి అడిగేవారు తక్కువ. మనుషులకు ఎక్కువ నష్టం చేసింది మాత్రం ఇదే.

ఊరి పేరులో "ఉప్పు" లేదా "ఉప్పర" ఉంటే అక్కడ ఉప్పు వ్యాపారం జరిగినట్టేనా?

తొందరపడొద్దు. ఉప్పరులు ఉప్పు తీయడంతోపాటు చెరువులు తవ్వారు, కట్టలు పోశారు. చెరువుల సీమలో ఉప్పరపల్లి అనే పేరు కట్ట పోసినవారి వాడను కూడా సూచించవచ్చు. ఊరి పక్కన చౌడు నేల, పాత మట్టి దిబ్బలు ఉంటే అప్పుడు ఉప్పు మాట ఆలోచించాలి. ఉప్పు తీసేసిన మట్టిని ఒకేచోట పారబోస్తారు కనుక ఆ దిబ్బలు ఏళ్ల తరబడి నిలుస్తాయి.

1930 ఉప్పు సత్యాగ్రహం ఇక్కడ ఎందుకు జరగలేదు?

ఆ చట్టం బ్రిటిష్ ఇండియాది, ఉప్పు నీళ్లు తీరంలో ఉన్నాయి. చినగంజాం, మైపాడు వంటి చోట్ల జరిగింది. 1931 మార్చి గాంధీ–ఇర్విన్ ఒడంబడికలో ఉప్పు పండే చోటి పల్లెలవారు తమ వాడకానికి ఉప్పు తీసుకోవచ్చన్న వెసులుబాటు దొరికింది. సముద్రానికి దూరంగా ఉన్న మనకు దానితో ధర తగ్గలేదు.

ఎద్దుల బిడారులు ఎప్పుడు ఆగాయి?

ఒక్క రోజులో ఆగలేదు. 1874లో వాడి–సికింద్రాబాద్ రైలు వచ్చాక పడమటి తీరపు ఉప్పుకు దారి తెరుచుకుంది. 1889లో వరంగల్ మీదుగా బెజవాడ దాకా పట్టాలు కలిశాయి, తూర్పు ఉప్పు వ్యాగన్లలో దిగింది. 1929లో కాజీపేట–బల్లార్షా దారి పూర్తయ్యాక చాందా వైపు కూడా రైలే. స్టేషన్ నుంచి లోపలి ఊళ్లకు మాత్రం బండ్లు, ఎద్దులు చాలాకాలం నడిచాయి.

పాత రికార్డులు చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర పత్రాగారంలో (స్టేట్ ఆర్కైవ్స్). కరోడ్‌గిరి కాగితాలు ఎక్కువగా ఫార్సీ, ఉర్దూల్లో ఉంటాయి. తేదీలు ఫస్లీలో (శిస్తు లెక్కలకు వాడిన సంవత్సరం) ఉంటాయి: ఫస్లీకి 590 కలిపితే క్రీస్తు శకం. 1300 ఫస్లీ అంటే 1890–91. అయితే మద్రాసు ఫస్లీ జులైలో మొదలవుతుంది, నిజాం ఫస్లీ ఆజూర్ నెలతో అక్టోబరులో మొదలవుతుంది. రెండు ప్రభుత్వాల కాగితాలను పక్కపక్కన పెట్టి చూసేవారు ఈ మూడు నెలల తేడా మరిచి, ఒకే సరుకును రెండు సంవత్సరాల్లో లెక్కేస్తుంటారు. డబ్బూ అంతే. 100 బ్రిటిష్ రూపాయలు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ సిక్కాకు (నిజాం నాణెం) సమానం. సుంకం ఏ నాణెంలో రాశారో చూశాకే కూడాలి.